కత్తిలాంటి తోడు!

పుల్ల చెక్కాలన్నా, తాడు కోయాలన్నా, తడిసిన అడవిలో నిప్పు పుట్టించాలన్నా అదే దిక్కు. కొండలూ కోనలూ తిరిగేవారికి కత్తి ఆయుధం కాదు, పనిముట్టు. మరి దుకాణాల్లో మెరిసిపోయే వందల రకాల్లో ఏది నమ్మకమైన తోడు? ఏది నట్టేట ముంచేస్తుంది?

2003 ఏప్రిల్‌ 26. అమెరికాలోని యూటా రాష్ట్రం. బ్లూజాన్‌ క్యాన్యన్‌ అనే ఇరుకైన కొండచీలికలో ఒంటరిగా దిగుతున్నాడు ఏరన్‌ రాల్‌స్టన్‌. వయసు 27. ఉన్నట్టుండి ఓ బండరాయి కదిలింది. దొర్లుకుంటూ వచ్చి అతని కుడిచేతిని కొండగోడకు అదిమేసింది. రాయి బరువు దాదాపు 360 కిలోలు. లాగితే చెయ్యి రాలేదు. నెడితే రాయి కదల్లేదు. అరిస్తే వినేవాళ్లు లేరు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు కాబట్టి వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ లేరు!

అతని దగ్గరున్నవి కాసిన్ని నీళ్లు, కొంచెం తిండి, వీడియో కెమెరా, తాళ్లు... వాటితోపాటు మడతపెట్టే ఓ చవకబారు చాకు. దాంతోనే రాయిని చెక్కాలని చూశాడు. రాయి తరగలేదు సరికదా, చాకే మొండిబారింది. అయిదు రోజులు గడిచాయి. నీళ్లు అయిపోయాయి. ఇక మిగిలింది ఒకటే దారి. ముంజేతి ఎముకలు విరుచుకుని, ఆ మొండి చాకుతోనే చేతిని తెగ్గోసుకుని బయటపడ్డాడు. తాడు సాయంతో 65 అడుగుల కిందికి దిగి, ఎండలో మైళ్ల కొద్దీ నడిచి చివరికి ఓ కుటుంబం కంటపడ్డాడు. బతికాడు. ఈ కథతోనే 2010లో డానీ బాయిల్‌ ‘127 అవర్స్‌’ సినిమా తీశారు. దానికి సంగీతం మన ఏఆర్‌ రెహమాన్‌దే.

రాల్‌స్టన్‌ గుండెధైర్యానికి ప్రపంచమంతా జేజేలు పలికింది. అడవుల్లో తిరగడం నేర్పే గురువులు మాత్రం ఈ కథలో మరో రెండు సంగతులు చూస్తారు. ఒకటి, ఎక్కడికెళ్తున్నామో ఎవరికైనా చెప్పి వెళ్లాలి. రెండు, సంచిలో ఏ మూలో పడి ఉండే కత్తి గురించి ఇంటి దగ్గరున్నప్పుడే ఆలోచించాలి. అవసరం ముంచుకొచ్చాక మంచి కత్తి కావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది?

తెలివి పెరిగితే మూట తగ్గుతుంది

చుట్టూ దొరికే కర్ర, నార, ఆకు, రాయి... వీటితోనే గూడూ, నిప్పూ, నీళ్లూ, తిండీ సమకూర్చుకునే విద్యను ‘బుష్‌క్రాఫ్ట్‌’ అంటారు. ఆపదలో ప్రాణం కాపాడుకోవడం ‘సర్వైవల్‌’ అయితే, అడవిలో తీరిగ్గా, హాయిగా బతకడం నేర్చుకోవడం బుష్‌క్రాఫ్ట్‌. కెనడాకు చెందిన మోర్స్‌ కొచాన్‌స్కీ (1940-2019) ఈ విద్యకు పెద్ద దిక్కుగా పేరు పొందారు. చలిదేశపు అడవుల్లో ఎలా బతకాలో చెబుతూ ఆయన రాసిన ‘నార్తర్న్‌ బుష్‌క్రాఫ్ట్‌’ను ఇప్పటికీ పాఠ్యపుస్తకంలా చదువుతారు. తెలివి పెరిగే కొద్దీ మోయాల్సిన మూట తగ్గుతుందన్నది ఆయన బోధ. మూట ఎంత తగ్గించుకున్నా చివరికి మిగిలే వాటిలో కత్తి ఒకటి. ఎందుకంటే కత్తి ఉంటే మిగతా పనిముట్లు చాలావరకూ చేసుకోవచ్చు. కత్తినే చేసుకోవాలంటే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది.

అడవిలో ఈ కత్తితో యుద్ధాలేమీ చెయ్యరు. పని అంతా చెక్కడం, చీల్చడం, కోయడం. వాన పడింది, పుల్లలన్నీ తడిసిపోయాయి అనుకుందాం. చేతిమందం కొమ్మను తెచ్చి నిలువునా చీలిస్తే లోపలి కర్ర పొడిగా ఉంటుంది. ఆ చీలికను చివరిదాకా తెగిపోకుండా పలుచని పొరలుగా చెక్కుతూ పోతే కోడి ఈకల్లా సుళ్లు తిరిగి నిలుస్తాయి. నిప్పురవ్వ తగిలితే చాలు, భగ్గుమంటాయి. గుడారానికి మేకులు చెక్కాలన్నా, గిన్నె వేలాడదీసే కొక్కెం చేయాలన్నా, గంటె తయారుచేసుకోవాలన్నా ఇదే కత్తి. కొనేముందు ఈ పనులన్నీ కళ్లముందు మెదలాలి.

మడత వద్దు

జేబులో ఇమిడే మడతచాకు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పండు కోసుకోవడానికి, పెన్సిల్‌ చెక్కుకోవడానికి అది చాలు. కానీ దాని బలమంతా మడతపడే చోట ఉండే చిన్న చీల మీదే ఆధారపడి ఉంటుంది. కట్టె చీల్చేటప్పుడు దెబ్బ ఆ చీల మీదే పడుతుంది. అది వదులైనా, తాళం జారినా కత్తి వచ్చి మూసుకునేది మన వేళ్ల మీదే. పైగా ఆ సందులో మట్టీ, ఇసుకా, జిగురూ చేరితే తెరవడమే కష్టం.

అదే పిడికి కదలకుండా బిగించిన కత్తి అనుకోండి, విరగడానికి కీలంటూ ఉండదు. తెరిచేందుకు రెండు చేతులూ అక్కర్లేదు. చలికి కొంకర్లు పోయిన వేళ్లతోనైనా ఒరలోంచి లాగొచ్చు. మనింటి కత్తిపీటనే చూడండి. అలుగు కదలకుండా పీటకు దిగి ఉంటుంది కాబట్టే గుమ్మడికాయనైనా ధీమాగా కోస్తాం.

అరచెయ్యంత చాలు

కత్తి ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకుంటారు కొత్తవాళ్లు. ఈ భ్రమ సినిమాలూ, సైన్యాలూ కలిసి పెంచినది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మెరైన్లు వాడిన కా-బార్‌ కత్తి అలుగు 7 అంగుళాలు. అది సైనికుడి కోసం చేసింది. అడవిలో పుల్ల చెక్కేవాడికి అంత పొడుగు అడ్డమే. మొన ఎక్కడుందో చేతికి తెలియదు, చిన్న పనుల్లో అదుపు తప్పుతుంది.

కొచాన్‌స్కీ చెప్పిన కొలత చాలా తేలిక. అలుగు మన అరచేతి వెడల్పంత ఉంటే రోజువారీ పనికి సరిపోతుంది. అంటే సుమారు 10 సెంటీమీటర్లు, నాలుగంగుళాలు. కాస్త మందం కట్టెలు చీల్చాలనుకునేవారు అయిదంగుళాల దాకా వెళ్లొచ్చు. మణికట్టంత లావున్న కొమ్మను చీల్చాలంటే కత్తి అంచును దాని మీద ఆనించి, వెన్ను మీద మరో కర్రతో కొడతారు. కత్తి మొన అవతలికి పొడుచుకు రావాలి కాబట్టి కొమ్మ మందం కన్నా అలుగు పొడవు ఎక్కువుండాలి. అంతకన్నా పెద్ద దుంగలకు గొడ్డలి ఉండనే ఉంది.

మందం విషయంలోనూ అంతే. రెండున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు చాలు. మరీ పలుచనైతే చీల్చేటప్పుడు వంగుతుంది. మరీ మందమైతే ఉల్లిపాయ కోయబోతే తెగడానికి బదులు పగులుతుంది!

పిడి లోపల ఏముంది?

కత్తి ప్రాణం కనిపించని చోట ఉంటుంది. అలుగు తాలూకు ఉక్కు పిడిలోకి ఎంతదాకా వెళ్లిందన్నదే అసలు ప్రశ్న. ఈ లోపలి భాగాన్ని ‘టాంగ్‌’ అంటారు. పిడి ఆకారమంతా ఉక్కు పరుచుకుని, దానికి ఇరువైపులా చెక్కలు బిగిస్తే ‘ఫుల్‌ టాంగ్‌’. కొట్టినా, మెలిపెట్టినా తట్టుకునేది ఇదే. బరువు కాస్త ఎక్కువ. ఉక్కు అంచులు చేతికి తగులుతాయి కాబట్టి గడ్డకట్టే చలిలో చల్లగా కొడుతుంది. సన్నని పుల్లలా పిడి మధ్యలోంచి వెళ్లేది రెండో రకం. ఫిన్లాండ్‌ వాళ్ల సంప్రదాయ కత్తి ‘పూకో’ ఇలాంటిదే. తేలిగ్గా ఉంటుంది, చెక్కుడు పనికి బంగారం. ఉక్కు పిడి చివరిదాకా వెళ్లి ఉంటే ఇదీ గట్టిదే.

అసలు చిక్కల్లా మూడో రకంతోనే. 1982లో వచ్చిన ‘ఫస్ట్‌ బ్లడ్‌’లో రాంబో చేతిలోని కత్తి గుర్తుందా? వీపు మీద రంపం పళ్లు, డొల్ల పిడి, అందులో అగ్గిపుల్లలూ గాలం... ఆ సినిమా కోసం జిమ్మీ లైల్‌ అనే అమెరికన్‌ నిపుణుడు దాన్ని ప్రత్యేకంగా తయారుచేశాడు. సినిమా ఆడేసరికి చవక నకళ్లు సంతల్లోకి వచ్చిపడ్డాయి. డొల్లపిడిలో ఉక్కు ఉండదు. అలుగును పిడి మొదట్లో కాస్తంత బిగించి వదిలేస్తారు. నాలుగు దెబ్బలు కొడితే అలుగు ఓ చోట, పిడి ఓ చోట! వీపు మీది రంపం పళ్లూ అలంకారానికే. వాటితో కర్ర సరిగ్గా తెగదు, పైగా వెన్ను మీద బొటనవేలు ఆనించి చెక్కుకునే వీలు పోతుంది.

ఉక్కులో కిటుకు

కత్తులకు వాడే ఉక్కు ప్రధానంగా రెండు రకాలు. కార్బన్‌ ఉక్కు, స్టెయిన్‌లెస్‌ ఉక్కు. కార్బన్‌ ఉక్కుకు సాన పట్టడం తేలిక. అడవిలో దొరికే నున్నటి రాయి మీదైనా పదునెక్కుతుంది. చెకుముకి రాయితో కొడితే రవ్వలూ రాలతాయి. కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. పని అవగానే తుడిచి, చుక్క నూనె రాయాల్సిందే. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటుంది. అది గాలితో కలిసి కంటికి కనిపించని పొరలా ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది. మన కోస్తాలాంటి ఉప్పుగాలి ప్రాంతాలకు, చేపలు కోసేవారికి, కత్తిని తుడిచే ఓపిక లేనివారికి ఇదే మేలు.

గట్టిదనాన్ని ‘రాక్‌వెల్‌’ కొలతలో చెబుతారు. ఈ తరహా కత్తులకు 56 నుంచి 60 మధ్య ఉంటే మంచిది. అంతకన్నా మెత్తనైతే ఊరికే మొండిబారుతుంది. మరీ గట్టిదైతే అంచు పెచ్చులూడుతుంది. ఉక్కు విషయంలో మనకూ ఘనమైన గతమే ఉంది. నిజామాబాద్‌ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దల కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. పేరుమోసిన డమాస్కస్‌ కత్తులకు ఇలాంటి ఉక్కే వాడేవారు. ఆంగ్లంలో దాన్ని ‘ఊట్జ్‌’ అన్నారు. మన ‘ఉక్కు’ అలా మారిందంటారు.

ఇక అంచు. పదును కోసం అలుగును ఎలా వాలుగా అరగదీశారన్నదాన్ని బట్టి కత్తి పనితనం మారిపోతుంది. స్వీడన్‌, ఫిన్లాండ్‌ కత్తుల్లో ఇరువైపులా వెడల్పాటి ఒకే వాలు ఉంటుంది. ‘స్కాండి గ్రైండ్‌’ అంటారు. కొత్తవాళ్లకు ఇదే మంచిదని చెప్పడానికి కారణం ఉంది. ఆ వాలును సానరాయి మీద బోర్లా ఆనిస్తే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. చెక్కేటప్పుడూ అంతే, కర్రలోకి ఎంత దిగాలో చేతికి చక్కగా తెలుస్తుంది. కూరగాయలు కోయడంలో మాత్రం ఇది కాస్త మొరటు. అటు వంటకూ ఇటు అడవికీ ఒకటే ఉండాలనుకుంటే వెన్ను నుంచి అంచుదాకా పలుచబడుతూ వచ్చే రకం తీసుకోవచ్చు. ఉబ్బెత్తు వాలున్నది గొడ్డలిలా చీల్చడానికి మేలు. లోపలికి గుంటపడినట్టుండే వాలు మంగలికత్తికి బాగుంటుంది కానీ కట్టె చీల్చడానికి పనికిరాదు.

కత్తి వెన్ను కూడా ఓసారి వేలితో తడిమి చూడాలి. అంచులు గుండ్రంగా కాకుండా పలకలా ఉంటే దాంతో ‘ఫెర్రో రాడ్‌’ను గీరి నిప్పు పుట్టించొచ్చు. ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్‌ ఆవర్‌ 1903లో కనిపెట్టిన లోహమిశ్రమం ఇది. గీరితే రాలే రవ్వల వేడి దాదాపు మూడువేల డిగ్రీలు. తడిసినా పనిచేస్తుంది. పదునైన అంచుతో మాత్రం గీరకూడదు. నిప్పు పుడుతుంది, పదును పోతుంది.

దేశానికో కత్తి

స్వీడన్‌లో మోరా అనే చిన్న పట్టణం ఉంది. దాని పక్కనున్న ఓస్ట్‌నోర్‌లో తరతరాలుగా కత్తులు చేస్తున్నారు. అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చిన ఫ్రాస్ట్‌ ఎరిక్‌ ఎర్సన్‌ 1891లో అక్కడ కర్రబళ్ల కార్ఖానా పెట్టాడు. ఆ పనివాళ్ల కోసం కత్తులూ తయారుచేయించాడు. బళ్లు మరుగునపడ్డాయి, కత్తులు నిలిచిపోయాయి! ఇప్పుడు అవే ‘మోరా’ కత్తులు. నాలుగంగుళాల అలుగు, రెండున్నర మిల్లీమీటర్ల మందం, ప్లాస్టిక్‌ ఒర. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. అమెరికాలో ధర ఇరవై డాలర్లకు కాస్త అటూఇటూ. అయినా బుష్‌క్రాఫ్ట్‌ నేర్పేవాళ్లు కొత్తవారికి మొదట చెప్పే పేర్లలో ఇదొకటి. వేలకు వేలు పోసి కొన్నదాన్ని పాడవుతుందేమోనని అలమరలో దాచుకుంటాం. చవకదాన్ని ధైర్యంగా వాడి పని నేర్చుకుంటాం.

అలాగని అన్నిచోట్లా నాలుగంగుళాల కత్తే రాజు కాదు. చలిదేశాల్లో ఎండుకట్టె చెక్కడం ప్రధానం కాబట్టి అక్కడ పొట్టికత్తులు పుట్టాయి. మలేషియా, ఇండొనేషియా అడవుల్లో దారికడ్డం తీగలూ, పచ్చికొమ్మలే. అందుకే అక్కడివాళ్లది మోచేతి పొడవుండే ‘పరాంగ్‌’. నేపాల్‌ గూర్ఖాల ‘కుక్రీ’ ముందుకు వంగి, మొనవైపు బరువు ఉంటుంది. చిన్న గొడ్డలిలా నరుకుతుంది. దాని ఒరలోనే మరో రెండు బుల్లి పనిముట్లుంటాయి. ఒకటి సన్నపనులకు పనికొచ్చే ‘కర్ద’, రెండోది పదును సరిచేసుకోవడానికి, నిప్పురవ్వలకు ‘చక్‌మక్‌’. పెద్దకత్తి చిన్నపనులకు కుదరదని వాళ్లకు ఎప్పుడో తెలుసన్నమాట.

మనదగ్గరా అంతే. కొబ్బరిబోండాల కత్తి ఎంత బరువుగా ఉంటుందో, తాటిచెట్టు గీసే కత్తి అంత పలుచగా, క్షౌరకత్తంత పదునుగా ఉంటుంది. ఒకదాని పని మరొకటి చెయ్యలేదు. కాబట్టి ‘ఏది గొప్ప కత్తి’ అని కాకుండా ‘నా పనికి ఏది సరిపోతుంది’ అని అడగాలి.

మొండికత్తే ప్రమాదం

పదునైన కత్తి కన్నా మొండికత్తే ఎక్కువ కోస్తుంది. ఎందుకంటే తెగడం లేదని బలమంతా పెడతాం, అది కాస్తా జారుతుంది. వాడే ముందు చెయ్యి చాచి చుట్టూ తిప్పి చూడాలి. ఆ పరిధిలో మరో మనిషి ఉండకూడదు. చెక్కేటప్పుడు కత్తి ఎప్పుడూ మనకు దూరంగా పోవాలి. కూర్చుని తొడల మధ్య పెట్టుకుని చెక్కడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తొడలో పెద్ద రక్తనాళం ఉంటుంది, అది తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కాళ్లకు అవతల చెక్కాలి. కత్తిని ఒకరికి ఇచ్చేటప్పుడు పిడి వాళ్లవైపు ఉండాలి. పని ఆగితే కత్తి ఒరలో ఉండాలి, నేలమీద కాదు. ఒకవేళ తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

2019 ఆగస్టులో ప్రసారమైన ‘మ్యాన్‌ వర్సెస్‌ వైల్డ్‌’లో బేర్‌ గ్రిల్స్‌ కర్రకు కత్తి కట్టి బల్లెంలా చేసి ప్రధాని మోదీకి ఇవ్వడం చాలామంది చూసే ఉంటారు. టీవీలో చూడ్డానికి బాగుంటుంది. కానీ ఉన్న ఒక్క కత్తినీ బల్లేనికి కట్టేస్తే, అది జారి లోయలో పడితే..? కర్ర మొననే చెక్కి, నిప్పుమీద కాల్చి గట్టిపరిస్తే బల్లేనికి బల్లెమూ ఉంటుంది, కత్తికి కత్తీ మిగులుతుంది.

పిల్లలు అడిగితే? మోరావాళ్లు పిల్లల కోసం గుండ్రటి మొన, వేళ్లు జారకుండా అడ్డు ఉన్న కత్తులు చేస్తున్నారు. పెద్దలు పక్కన కూర్చుని, మెత్తటి కర్రతో మొదలుపెట్టించాలి. ఒంటరిగా వదలకూడదు.

మన అడవుల్లో జాగ్రత్త

కత్తి కొన్నాం కదాని నేరుగా నల్లమలకో, కవ్వాల్‌కో బయల్దేరితే చిక్కుల్లో పడతాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘ఆయుధం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తులూ ఉన్నాయి. చీఫ్‌ వైల్డ్‌లైఫ్‌ వార్డెన్‌ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. అక్కడ ముప్పు కలిగేలా నిప్పు రాజేయడమూ నేరమే. ఇక ఆయుధాల నిబంధనల ప్రకారం తొమ్మిదంగుళాలకు మించిన పొడవు లేదా రెండంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు వాడేవాటికి మినహాయింపు ఉంది. మన నాలుగంగుళాల కత్తికి ఆ చిక్కు లేకపోయినా బస్టాండ్లలో, జాతరల్లో నడుముకు వేలాడదీసుకుని తిరిగితే పోలీసులు ఆపి అడుగుతారు. విమానంలో చేతిసంచిలో ఉంచుకోనివ్వరు, చెకిన్‌ సామానులో పెట్టాల్సిందే.

మరి నేర్చుకునేదెక్కడ? సొంత పొలం, మామిడితోట, అనుమతులున్న శిబిరం... ఎక్కడైనా సరే. పచ్చిచెట్టు జోలికి పోకుండా రాలిపడిన కొమ్మ ఒకటి తీసుకోండి. ఒక గంటె చెక్కి చూడండి. మొదటిది వంకరగా వస్తుంది. పదోది వంటింట్లోకి చేరుతుంది. అప్పుడు కత్తితోపాటు చెయ్యీ పదునెక్కినట్టే!

కొనేముందు...

* పిడి పట్టుకుని పిడికిలి బిగించండి. నాలుగు వేళ్లూ ఇమడాలి. వేళ్లకు గాళ్లు పెట్టిన పిళ్ల కన్నా నున్నటి కోలపిడి మేలు. ఎలా తిప్పి పట్టుకున్నా నొప్పి పెట్టదు.

* తడిచేత్తో పట్టి చూడండి. జారితే వద్దు.

* అలుగు అరచెయ్యంత, మందం రెండున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉందా? ఉక్కు పిడి చివరిదాకా వెళ్లిందా? డొల్లపిడైతే అక్కడే వదిలేయండి.

* ఒరలో పెట్టి తలకిందులు చేసి ఊపండి. కత్తి ఊడిపడకూడదు. మొన ఒరను చీల్చుకుని బయటికి రాకూడదు.

* ఏ ఉక్కో చెప్పని కత్తిని నమ్మొద్దు. పేరు చెప్పినదాన్ని గట్టిదనం అడిగి తీసుకోండి.

* సానరాయికి కూడా డబ్బు మిగుల్చుకోండి. ఉన్న డబ్బంతా కత్తికే పోస్తే నెల తిరక్కుండానే మొండికత్తి మిగులుతుంది.

* ప్రయాణానికి ముందు ఎక్కడికెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ఇంట్లో చెప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఏ కత్తీ దీనికి సాటిరాదు.